ర్యామ్ అమ్మజూపని దుకాణం: బరంపురంలో ఒక కంప్యూటర్ రిపేరు

పాత వీహెచ్‌ఎస్ పెళ్లి టేపులను ఫైళ్లుగా మార్చి ఇవ్వడం మా స్టూడియో పని. ఛత్రపురం నుంచీ, ఇటు ఇచ్ఛాపురం నుంచీ తెస్తారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపానుకు తడిసి బూజు పట్టినవే ఎక్కువ. మంచి టేపు రోజంతా ఆడినా మా లైనక్స్ కంప్యూటర్‌కు ఏమీ కాదు. బూజు టేపు పెడితే మాత్రం మెమరీ నిండిపోయి బిగుసుకుపోయేది. ప్రోగ్రాం మూసినా ఆ మెమరీ తిరిగి వచ్చేది కాదు. అడిగిన ప్రతి దుకాణమూ ర్యామ్ పెంచమంది.

బరంపురంలోని ఈ దుకాణం కుర్రవాడు ఆ ఊసే ఎత్తలేదు. "మాస్టారూ, ఆ పాడైన టేపు కూడా తెచ్చారా?" అన్నాడు. ఆ ప్రశ్నకే సగం మార్కులు వేశాను. టేపు ఆడుతుండగా కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) లెక్కల్లో వీమాలాక్ అంకె, అంటే కెర్నల్ లోపలి పనులకు తీసుకున్న ఒక రకం మెమరీ, ఎగబాకడం చూపించాడు. మెమరీ తింటున్నది ప్రోగ్రాం కాదు, టేపు బొమ్మను కంప్యూటర్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డును నడిపించే కెర్నల్ కోడ్, అంటే దాని డ్రైవరు.

తర్వాత కెమెమ్‌లీక్ అనేదాన్ని కలిపి కెర్నల్‌ను మళ్లీ తయారుచేశాడు. విడుదల కాకుండా పోయిన మెమరీని పట్టుకునేందుకు 2009 నుంచి లైనక్స్‌లోనే ఉన్న సాధనం అది. తీసుకున్న మెమరీలో దేని చిరునామా ఎక్కడా మిగల్లేదో వెతికి, దాన్ని అడిగి తీసుకున్న ఫంక్షన్ (కోడ్ ముక్క) పేరు బయటపెడుతుంది. దొంగ దొరికాడు. సిగ్నల్ తెగి మళ్లీ అందినప్పుడల్లా డ్రైవరు కొత్త ఫ్రేమ్ బఫర్ (ఒక్కో బొమ్మను దాచే మెమరీ ముక్క) తీసుకుని, పాతదాని చిరునామా మీదే కొత్తది రాసేస్తోంది. పాతది విడుదల కావడం లేదు. మన దేశపు టీవీ పద్ధతి పాల్‌లో ఒక ఫ్రేము 720 × 576 పిక్సెల్‌లు, పిక్సెల్‌కు 2 బైట్లు: తెగిన ప్రతిసారీ 8,29,440 బైట్లు గల్లంతు. బూజు టేపు ఎన్ని వేలసార్లు తెగుతుందో! ర్యామ్ రెట్టింపు చేస్తే కాసేపు ఆలస్యంగా బిగుసుకునేది, అంతే.

సవరణ నాలుగు వరుసలే. అందులోనూ జాగ్రత్త ఉంది: మెమరీని విడుదల చేసే వీఫ్రీ అనే ఫంక్షన్ మధ్యలో నిద్రపోవచ్చు (ఆగి వేచి ఉండవచ్చు) కనుక, నిద్రపోకూడని స్పిన్‌లాక్ అనే తాళం పట్టుకుని దాన్ని పిలవకూడదట. పాత చిరునామాను పక్కన ఉంచి, లాక్ వదిలాకే విడుదల చేయించాడు. కార్డుతోపాటు డ్రైవరు సోర్సు కోడ్ ఇచ్చారు కాబట్టి ఇదంతా కుదిరింది.

లోపాలా, ఉన్నాయి. ముందు ధర చెప్పడు, బిల్లు ఇవ్వడు. కెర్నల్ అప్‌డేట్ కాగానే కార్డు కనిపించడం మానేసింది. డీకేఎంఎస్ అనే సాధనం పెట్టి ఉంటే డ్రైవరు కొత్త కెర్నల్‌కు దానంతటదే తయారయ్యేది. అడిగాక డబ్బు తీసుకోకుండా పెట్టాడు గాని, అది మొదటే చేయవలసిన పని. ప్రింటరు కాట్రిడ్జ్ వంటివి ఇస్తే వారాల తరబడి మూల పడి ఉంటాయి, వాటికి వేరే చోటు చూసుకోండి. ఐదుకు నాలుగు స్టార్లు.