రంగు తిరిగిన వెండి రూపాయికి స్లాబ్ మారిస్తే ధర పెరుగుతుందా? క్రాస్‌ఓవర్ సర్వీసుపై సమీక్ష

1938కి ముందరి బ్రిటిష్ ఇండియా రూపాయిని ప్రొద్దుటూరు బంగారు అంగట్లో తూకానికి పెడితే లెక్క సులభం. బరువు 11.66 గ్రాములు, అందులో అసలు వెండి దాదాపు 10.69 గ్రాములు. అదే రూపాయి అంచు నీలంగా, లోపలికి వచ్చేకొద్దీ ఎరుపు, బంగారు వన్నెగా తిరిగి, ఎంఎస్ 64 (వాడకం తగలని నాణెం, 70కి 64 మార్కులు) చీటీతో స్లాబ్‌లో, అంటే నాణేనికి గ్రేడు ఇచ్చే కంపెనీ సీలు వేసిన ప్లాస్టిక్ పెట్టెలో ఉంటే తూకం లెక్క పనికిరాదు. అక్కడ జనం డబ్బు పెట్టేది రంగుకు. అందుకే ఒక కంపెనీ స్లాబ్ నుంచి ఇంకో కంపెనీ స్లాబ్‌కు మార్చే క్రాస్‌ఓవర్ సర్వీసు ఇలాంటి నాణేలకు గిట్టుబాటవుతుందా అని ముందే చూసుకోవాలి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. అమెరికాలోని రెండు పెద్ద గ్రేడింగ్ కంపెనీల మధ్య, అంటే ఎన్‌జీసీ నుంచి పీసీజీఎస్‌కు గానీ, అటు నుంచి ఇటు గానీ మార్చడం టోనింగ్ (తిరిగిన రంగు) ఉన్న నాణేనికి మామూలుగా దండగ. ఏఎన్ఏసీఎస్, ఐసీజీ వంటి చిన్న కంపెనీల స్లాబ్‌లో మంచి రంగు నాణెం ఇరుక్కుపోయి ఉంటే మాత్రం మార్చడంలో అర్థం ఉంది. పేరు తెలియని స్లాబ్‌లో ఉన్నదాన్ని గ్రేడింగే కానట్టు లెక్కేసి, మొదటి నుంచి చూసుకోవాలి.

ఎందుకంటే ఈ రెండు పెద్ద కంపెనీలు రంగుకు విడిగా మార్కులు వేయవు. 1 నుంచి 70 వరకున్న షెల్డన్ స్కేలు మీద అచ్చు, మెరుపు, గీతలు, చూపుకు ఇంపు కలిపి ఒకే అంకె ఇస్తాయి. వెండి నాణెం చీటీ మీద రంగు గురించి ఒక్క ముక్క ఉండదు. ఒక్క మినహాయింపు ఎన్‌జీసీ స్టార్. తన గ్రేడులో అసాధారణమైన ఇంపు ఉన్న నాణేనికి అంకె పక్కన నక్షత్రం గుర్తు వేస్తారు, రంగు నాణేలకు అది ఎక్కువగా దక్కుతుంది. పీసీజీఎస్‌లో అలాంటి గుర్తు లేదు. స్టార్ ఉన్న రూపాయిని అటు పంపితే అదే 64 వచ్చినా స్టార్ పోయినట్టే. కొనేవాడికి దూరం నుంచి రంగు గురించి భరోసా ఇచ్చే గుర్తు అదొక్కటే, దాన్ని డబ్బు కట్టి మరీ పోగొట్టుకున్నట్టు అవుతుంది.

పీసీజీఎస్ బలం ఇంకోచోట ఉంది. వాళ్ల ట్రూవ్యూ ఫొటో రంగును బాగా పట్టుకుంటుంది, సర్టిఫికెట్ నంబరు కొడితే ఎవరైనా చూడొచ్చు. వాళ్ల సెట్ రిజిస్ట్రీలో, అంటే సేకరణలు పోటీ పడే జాబితాలో, వాళ్ల స్లాబ్‌లకే చోటు. అమెరికా పాత వెండి నాణేలైన మోర్గన్ డాలర్ల పైగ్రేడుల్లో పోటీ పడే కొనుగోలుదారులు దానికోసం ఎక్కువ పెడతారు. మన రూపాయిలకు ఆ పోటీ అంతగా లేదు. ట్రూవ్యూలో కనిపించే రంగు చేతిలో ఎప్పుడూ అంత మెరవదు, దాన్ని చూసి కొన్నవాళ్లు నిరాశపడటం మామూలే. అమెరికా నాణేలు కొనేవారికి ఇంకో జాగ్రత్త. స్లాబ్ మీద సీఏసీ (స్లాబ్‌లోని నాణేన్ని మళ్లీ పరిశీలించే సంస్థ) ఆకుపచ్చ స్టిక్కర్ ఉంటే, స్లాబ్ మారగానే అదీ పోతుంది. మళ్లీ పంపి మళ్లీ డబ్బు కట్టాలి.

ఇక అసలు భయం, రంగు సహజమా కాదా అన్నది. వెండి మీద ఈ రంగు గాలిలోని గంధకం వల్ల వచ్చిన సిల్వర్ సల్ఫైడ్ పొర. పొర పలచగా ఉన్నప్పుడు లేత బంగారు వన్నె, కాస్త మందమైతే ఎరుపు, ఊదా, ఆ తర్వాత నీలం, చివరికి నలుపు. గాలి అంచు నుంచి చేరుతుంది కాబట్టి అంచు దగ్గర నీలం, మధ్యలో బంగారు రంగు ఉండటం సహజమైన వరస. విక్టోరియా ఎంప్రెస్ రూపాయిని ఒక్క బల్బు కింద పెట్టి, పదింతల భూతద్దంతో అక్షరాల మొదళ్లు చూడండి. ప్రతి అక్షరం చుట్టూ వెంట్రుకంత మేర రంగు తక్కువగా, లేతగా ఉంటుంది. నాణేన్ని మెల్లగా వంచితే రంగు కింద నుంచి మెరుపు చక్రంలా తిరుగుతుంది. గీత ఉంటే దానిలో కూడా రంగు ఉందా చూడండి. ఉంటే గీత పాతది. రంగును చీల్చుకుంటూ తెల్లగా కనిపిస్తే గీత కొత్తది. లేత బంగారు రంగు పక్కనే మధ్యలో ఎరుపు, నీలం లేకుండా చిక్కటి ఆకుపచ్చ వచ్చిందా, అనుమానించాలి. రసాయనంతోనో వేడితోనో వేసిన రంగు తరచు వరస తప్పుతుంది, పైన తేలినట్టు ఉంటుంది.

మన వైపు నాణేలకు ఇంకో తంటా ఉంది. లక్ష్మీపూజలో పెట్టి, పండక్కి విభూతితోనో చింతపండుతోనో తోమిన రూపాయిలు మళ్లీ ఏళ్ల తరబడి డబ్బాలో ఉండి రంగు తిరుగుతాయి. పైకి రంగు అందంగా ఉన్నా, కిందనున్న సన్నటి తోముడు గీతలు గ్రేడర్ కంట పడతాయి. అలాంటిదానికి పీసీజీఎస్ కోడ్ 92, అంటే క్లీనింగ్. రంగు మీదే అనుమానం వస్తే కోడ్ 91. రెండింటిలో ఏది పడినా నాణెం అంకె గ్రేడు నుంచి డీటెయిల్స్‌కు, అంటే అంకె లేకుండా లోపం రాసిన చీటీకి దిగిపోతుంది, ధర సగానికి పైగా పడిపోవడం ఖాయం అనుకునే దిగాలి.

ఇక్కడే స్లాబ్ పగలగొట్టడానికీ, క్రాస్‌ఓవర్‌కూ తేడా. సొంతంగా పగలగొట్టి పచ్చి నాణెంగా పంపితే 91 పడే ప్రమాదమంతా మీదే. క్రాస్‌ఓవర్‌లో ఫారం మీద కనీస గ్రేడు రాస్తారు, ఉదాహరణకు 64. ఆ గ్రేడు దక్కదని తోస్తే పాత స్లాబ్ విప్పకుండా అలాగే తిరిగి పంపుతారు. రుసుము మాత్రం పోతుంది. "ఎనీ" అని రాస్తే ఏ గ్రేడైనా సరే అని ఒప్పుకున్నట్టే. రంగు నాణేనికి అలా ఎప్పుడూ రాయొద్దు. గ్రేడర్ ప్లాస్టిక్ లోంచే చూస్తాడు కాబట్టి స్లాబ్ మీద గీతలు ఉంటే రంగు మసకగా కనిపించి తిరస్కరిస్తాడు. పంపే ముందు ప్లాస్టిక్ పాలిష్‌తో రెండువైపులా రుద్ది, మెత్తటి గుడ్డతో తుడవాలి. ఇంత చిన్న పనిని చాలామంది మరిచిపోతారు.

ఖర్చు లెక్క ఇలా వేసుకోండి. రుసుము, రాను పోను రవాణా, బీమా కలిపి ఒక్కోదానికి 9,000 రూపాయలు పడిందనుకుందాం. మూడు పంపితే ఒకటే మారిందనుకుంటే, ఆ ఒక్కటి పాత ధర కన్నా 27,000 ఎక్కువ పలకాలి, అప్పుడే ఖర్చు వెనక్కి వచ్చినట్టు. ఇప్పుడు 25,000 పలుకుతున్న రూపాయికి అది జరిగే పని కాదు.

పంపే ముందు చట్టం కూడా చూసుకోవాలి, దీన్ని కడప నుంచి కర్నూలు దాకా ఎవరూ పట్టించుకోవడం లేదు. పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972 ప్రకారం వందేళ్లు దాటిన ఏ నాణెమైనా పురావస్తువే. కేంద్ర ప్రభుత్వం, లేదా అది అధికారం ఇచ్చిన సంస్థ తప్ప ఎవరూ దేశం దాటించకూడదు. ఫ్లోరిడాకో కాలిఫోర్నియాకో గ్రేడింగ్ కోసమని పార్సిల్ చేసినా అది ఎగుమతే. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. విక్టోరియా, ఎడ్వర్డ్ రూపాయిలు, 1922 దాకా వచ్చిన ఐదో జార్జ్ రూపాయిలు అన్నీ ఇందులోకే వస్తాయి. 1938, 39 నాటి ఆరో జార్జ్ రూపాయిలకు ఈ అడ్డు లేదు. అయినా పురావస్తు శాఖ నుంచి 'పురావస్తువు కాదు' అన్న పత్రం తీసుకుంటే కస్టమ్స్ దగ్గర గొడవ ఉండదు. 1940–45 రూపాయిల్లో వెండి సగమే, 40 శాతం రాగి. వాటికి రంగులు అంత శుభ్రంగా తిరగవు కాబట్టి క్రాస్‌ఓవర్ ఊసే వద్దు.

కాబట్టి పాత రూపాయిని ఇప్పటికే మంచి స్లాబ్‌లో ఉన్నదాన్నే కొనడం మేలు. నంబరు ఆ కంపెనీ సైటులో సరిచూసుకోండి, ఫొటోలోని రంగు మచ్చలు చేతిలో ఉన్నదాంతో ఒక్కొక్కటీ పోల్చుకోండి. నకిలీ స్లాబ్‌లు వస్తున్నాయి.

రాగి, కంచు నాణేల సంగతి వేరు. కాలణా మీద ఎరుపు 95 శాతానికి పైగా ఉంటే ఆర్‌డీ, మధ్యస్తంగా ఉంటే ఆర్‌బీ, 5 శాతం కన్నా తక్కువైతే బీఎన్. ఎప్పుడో ఆర్‌డీ చీటీ పడిన కాలణా మన ఎండలకు స్లాబ్‌లోనే గోధుమ రంగుకు తిరిగి ఉండొచ్చు. దాన్ని కొత్త స్లాబ్‌కు పంపితే ఇప్పుడున్న రంగే రాస్తారు. అలాంటిదాన్ని కదిలించకుండా ఉన్న చీటీతోనే, ఇప్పటి ఫొటో చూపించి అమ్మడం నిజాయితీ.

స్లాబ్ గాలి చొరని డబ్బా కాదు, లోపల కూడా రంగు మెల్లగా ముదురుతూనే ఉంటుంది. ఇనుప బీరువాలో పాత పేపర్లు, రబ్బరు బ్యాండ్లు, కలరా ఉండలు ఉన్న అరలో పెట్టొద్దు. రబ్బరులో గంధకం ఉంటుంది. మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాం వేసి, ఏప్రిల్, మే నెలల్లో పడమటి గోడకు దూరంగా ఉంచండి. అమ్మేటప్పుడు కంపెనీ ఫొటో ఒక్కటే పెట్టకుండా, ఒక్క బల్బు కింద నాణేన్ని అటూ ఇటూ వంచుతూ పది సెకన్ల వీడియో తీసి పంపండి. రంగు నాణేలు కొనేవాళ్లు ముందుగా అడిగేది దాన్నే.