పావుగంట ఆటకు అరగంట ఏర్పాటు: మూడున్నరేళ్లుగా మా ఇంట్లో క్వెస్ట్ 2

2021 డిసెంబరులో డాలస్ నుంచి సెలవులకు వచ్చిన మా తమ్ముడు తెచ్చిన క్వెస్ట్ 2, అంటే కళ్లను కప్పేసి మన చుట్టూ మరో లోకం ఉన్నట్టు చూపించే మెటా కంపెనీ వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్టు, విజయవాడ సత్యనారాయణపురంలోని మా రెండు పడకగదుల ఫ్లాట్‌లో మూడున్నరేళ్లుగా వాడుకలో ఉంది. ఇన్నాళ్లలో మా ఇంట్లో దీన్ని జీవితంలో మొదటిసారి తలకు పెట్టుకున్నవారు ఇరవైమందికి పైనే ఉంటారు. వారిలో కొందరు వచ్చిన ప్రతిసారీ అది ఎక్కడుందని అడుగుతారు, మరికొందరు ఆ పెట్టె కనిపిస్తేనే చూపు తిప్పుకుంటారు. ఈ తేడా వయసు వల్ల వచ్చింది కాదనీ, వారి చేత మొదటి పావుగంట నేను ఎలా ఆడించాననే దాన్నిబట్టి వచ్చిందనీ నాకు ఆలస్యంగా అర్థమైంది. అందుకే ఈ సమీక్షలో సాంకేతిక వివరాలకంటే ఆ పావుగంటకూ, దానికి ముందు జరగవలసిన ఏర్పాట్లకూ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

వివరాలు క్లుప్తంగా చెబుతాను. 2020 అక్టోబరులో మార్కెట్లోకి వచ్చిన ఈ హెడ్‌సెట్టుకు కంప్యూటరు అక్కర్లేదు, ప్రాసెసరూ బ్యాటరీ అన్నీ లోపలే ఉంటాయి. బరువు 503 గ్రాములు. ఒక్కో కంటికి 1832×1920 పిక్సెళ్ల చిత్రం కనిపిస్తుంది. ఒకసారి చార్జి చేస్తే రెండు నుంచి మూడు గంటలు నడుస్తుంది, చేతిలో పట్టుకునే కంట్రోలర్లకు మాత్రం ఒక్కోదానికి ఒక పెన్సిల్ సెల్లు వేయాలి. మాది 128 జీబీ రకం. పెట్టె మీద ఇప్పటికీ ఆక్యులస్ అనే పాత బ్రాండు పేరే ఉంది. అమెరికా చార్జరు పిన్నులు మన సాకెట్టులో పట్టవు కనుక, తెచ్చిన రోజే బీసెంట్ రోడ్డుకు వెళ్లి ఒక కన్వర్టర్ పిన్ను కొనుక్కోవలసి వచ్చింది.

ఫోనులో యాప్ వేసుకోవడం, ఖాతా తెరవడం, వైఫైకి కలపడం పెద్ద పనులేమీ కావు. అయితే మొదటిసారి వైఫైకి కలిపిన వెంటనే అది తన సాఫ్ట్‌వేరును దింపుకోవడం మొదలుపెడుతుంది, ఆ తరువాత ఆటలు దిగాలి, ఈ లోగా బ్యాటరీ తగ్గిపోతుంది. ఇంటినిండా చుట్టాలు గుమిగూడి ఉండగా పెట్టె విప్పి ఇదంతా వారి ముందే చేయబోయి, గంటన్నరసేపు అందరి చేత గుండ్రంగా తిరిగే గుర్తును చూపించిన అనుభవం నాది. ముందురోజు రాత్రే ఒంటరిగా కూర్చుని ఈ పని ముగించుకోవడం మంచిది.

అసలు కష్టం గది దగ్గర మొదలవుతుంది. నిలబడి అటూ ఇటూ కదులుతూ ఆడే ఆటలకు అడ్డంగా రెండు మీటర్లు, నిలువుగా రెండు మీటర్లు ఖాళీ ఉండాలి. మా హాల్లో టీపాయిని వంటింటి గుమ్మం దగ్గరకు జరిపి, సోఫాను గోడకు ఆనిస్తే తప్ప అంత చోటు రాదు. కంట్రోలరును ఒకసారి నేలకు ఆనించి నేల ఎత్తు సరిచూసి, ఆ తరువాత ముగ్గు వేసినట్టుగా నేల మీద చుట్టూ గీత గీస్తే, ఆడుతున్నవారు ఆ గీత దగ్గరకు వచ్చినప్పుడల్లా కళ్ల ముందు ఒక వలలాంటి గోడ లేస్తుంది. గీత దాటితే కెమెరాల ద్వారా అసలు గదే నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. ఈ ఏర్పాటు మూడున్నరేళ్లలో ఒక్కసారి కూడా నన్ను గోడకు కొట్టుకోనివ్వలేదు. కానీ అది కాపాడేది చుట్టుపక్కల నుంచే, తల పైన ఏముందో దానికి తెలియదు. మొదటి వారంలోనే, ఆటలో పైనుంచి వస్తున్న దాన్ని కొట్టబోయి చెయ్యి ఎత్తినప్పుడు తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను రెక్క కంట్రోలరుకు తగిలింది. కంట్రోలరు రింగు మీద గీత పడింది, నా వేళ్లు రెండు రోజులు వాచాయి. తప్పు పూర్తిగా నాదే.

ఫ్యాను ఆపితే విజయవాడలో ఆడగలమా అని అడగవచ్చు. మే నెలలో అయితే ఆడలేము. నేను కనుగొన్న మార్గం టేబుల్ ఫ్యానును సోఫా వైపు ఒక మూల పెట్టి, తిరగకుండా ఒకే దిక్కుకు గాలి వచ్చేలా చేయడం. దీనివల్ల చెమట తగ్గడమే కాదు, గాలి ఏ చెంపకు తగులుతోందన్నదాన్నిబట్టి హెడ్‌సెట్టు లోపల ఉన్నవారికి తాము గదిలో ఎటు తిరిగి ఉన్నారో తెలుస్తూ ఉంటుంది, తల తిరగడం కూడా బాగా తగ్గుతుంది. మూడు వందల డాలర్ల పరికరానికి ఇంట్లో మూలనపడి ఉన్న పాత టేబుల్ ఫ్యాను ఇంతగా తోడవుతుందని నేను అనుకోలేదు.

ఈ పరికరం గదిని తన కెమెరాలతో చూస్తూ చోటును అంచనా వేస్తుంది కాబట్టి దానికి వెలుతురు కావాలి. సాయంత్రం కరెంటు పోతే బ్యాటరీ మీద అది నడుస్తూనే ఉంటుంది గానీ, చీకట్లో దిక్కు తోచక ఆట ఆపేస్తుంది. మా హాల్లో ట్యూబులైటు ఇన్వర్టరు మీద ఉండటం వల్ల మేము బతికిపోయాము. బీరువా అద్దం కూడా దాన్ని తికమక పెడుతుంది. పడకగదిలో ఆడే రోజుల్లో అద్దం మీద దుప్పటి వేస్తాము.

ఇక తలకు పెట్టడం గురించి. చాలామంది దీన్ని ఈతకళ్లద్దాల్లా ముఖానికి అదిమి కట్టుకుంటారు, పది నిమిషాలకు చెంపలు నొప్పి పుట్టి తీసేస్తారు. వెనుక పట్టీ తల వెనుక ఉబ్బుగా ఉండే ఎముకకు కింద కూర్చోవాలి, నడినెత్తి మీది పట్టీ బరువు మోయాలి, ముఖానికి అది ఆని ఉంటే చాలు. మా అత్తయ్యగారికి పెట్టినప్పుడు ఈ సూత్రం కొప్పు దగ్గర ఆగిపోయింది. పట్టీని కొప్పు పైన పెడితే ముందుకు జారుతుంది, కింద పెడితే కొప్పు అడ్డం. చివరకు వెనుక పట్టీ రెండుగా చీలే చోట ఉన్న సందులోంచి కొప్పును బయటకు తీస్తే అన్నీ వాటి వాటి చోట్లలో కుదురుకున్నాయి. ఆవిడ నుదుటి కుంకుమ స్పాంజికి అంటుకుని ఎంత తుడిచినా పోలేదు. అప్పటి నుంచి కడుక్కోవడానికి వీలైన సిలికాన్ తొడుగు వాడుతున్నాము, కొబ్బరినూనె రాసుకునే ఇళ్లకు అది తప్పనిసరి అని నా అభిప్రాయం.

కంటిపాపల మధ్య దూరం సరిచేయడాన్ని చాలామంది వదిలేస్తారు, నేనూ మొదటి మూడు నెలలు వదిలేశాను. ఇందులో కళ్లకు ఎదురుగా ఉండే అద్దాలను (లెన్సులను) చేత్తో మెల్లగా జరిపి 58, 63, 68 మిల్లీమీటర్లలో ఏదో ఒక దూరానికి పెట్టుకోవచ్చు. నాకు 63 సరిపోయింది, మా ఆవిడకు 58 పెట్టిన తరువాతే అక్షరాలు రెండుగా కనబడటం మానేశాయి. కళ్లజోళ్ల దుకాణంలో అడిగితే ఈ కొలత చెబుతారు. కళ్లజోడు ఉన్నవారికి అద్దాలు రాసుకోకుండా పెట్టెలోనే మధ్యలో ఎడం ఉంచే ఒక ప్లాస్టిక్ చట్రం ఇస్తారు, దాన్ని బిగించకుండా కళ్లజోడుతో పెట్టుకుంటే రెండు అద్దాల మీదా గీతలు పడతాయి. ఇదంతా అయ్యాక హెడ్‌సెట్టును ముఖం మీద కొంచెం పైకీ కిందకీ కదిపి, అక్షరాలు స్ఫుటంగా కనిపించిన చోట ఆపి, అప్పుడు పట్టీ సవరించాలి.

మొదటి ఆటగా ఏది పెట్టాలన్నదే నేను ఎక్కువ తప్పులు చేసిన విషయం. సంక్రాంతికి వచ్చిన మా తోడల్లుడు ధైర్యస్తుడు, ఘాట్ రోడ్డు మీద కారు అలవోకగా నడుపుతారు. ఆయన్ను ఆశ్చర్యపరుద్దామని నేరుగా రోలర్ కోస్టరు పెట్టాను. రెండో మలుపు దగ్గర ఆయన మాట ఆగిపోయింది, మెడ మీద చెమట పట్టింది, తీసేసి సోఫాలో పడుకుని నిమ్మకాయ నీళ్లు తాగినా సాయంత్రం దాకా అరిసె ముట్టలేదు. కన్ను కదులుతున్నామని చెబుతుంటే లోపలి చెవి కదలడం లేదని చెబుతుంది, ఈ పొంతన లేకపోవడమే వికారానికి కారణం. ధైర్యంతో దానికి సంబంధం లేదు. ఆయన ఇప్పటికీ దాన్ని ముట్టుకోరు. ఆవులింతలో, నోట్లో నీళ్లూరడమో, చెమటో మొదలవగానే తీసేయాలి. ఓర్చుకుని ఆడితే అలవాటవుతుందన్న సలహా తప్పు, దానివల్ల శరీరం ఆ పరికరాన్నే అసహ్యించుకోవడం నేర్చుకుంటుంది.

అత్తయ్యగారికి ఆ పొరపాటు చేయలేదు. హెడ్‌సెట్టుతో పాటే ఉచితంగా వచ్చే ఫస్ట్ స్టెప్స్ అనే పరిచయ కార్యక్రమం పెట్టాను. అందులో మనం ఉన్న చోటే ఉంటాము, ఎదురుగా బల్ల మీద ఉన్న వస్తువులను చేత్తో తీసుకుని విసరవచ్చు, కాగితం విమానాన్ని ఎగరేయవచ్చు. కాసేపు అటూ ఇటూ చూసి, “బాబూ, మన ఇల్లేదీ?” అన్నారు. “ఇక్కడే ఉందండీ అత్తయ్యగారూ, మీరు హాల్లోనే నిలబడ్డారు” అంటే, కంట్రోలరు పట్టుకున్న చేతినే చాచి సోఫా చేతిని తడుముకుని నిర్ధారించుకున్నాకే విమానం ఎగరేశారు. ఆవిడ చూస్తున్నది నా ఫోనులోనూ కనిపించేలా పెట్టుకోవడం వల్ల ఏ మీట నొక్కాలో చెప్పగలిగాను, లేకపోతే గుడ్డివాడికి దారి చెప్పే మరో గుడ్డివాడి పని అవుతుంది.

రెండో రోజుకు బీట్ సేబర్ సరైన ఆట. ఎడమచేతిలో ఎర్రకత్తి, కుడిచేతిలో నీలికత్తి, పాట దరువుకు ఎదురొచ్చే డబ్బాలను బాణం గుర్తు చూపిన వైపుగా నరకాలి. మనం కదలము, డబ్బాలే వస్తాయి కాబట్టి తల తిరగదు. ఓడిపోకుండా ఆడే వీలును ముందే ఎంచి పెడితే కొత్తవారు మధ్యలో ఆగిపోయి చిన్నబుచ్చుకోరు. టేబుల్ టెన్నిస్ కూడా బాగుంటుంది గానీ, లేని బల్ల మీద చెయ్యి ఆనించబోయి తూలినవారిని ముగ్గురిని పట్టుకున్నాను. మా అమ్మాయికి అప్పటికి పదకొండేళ్లు. తయారీదారు పెట్టిన కనీస వయసు అప్పట్లో 13 కనుక ఆగమన్నాము, దానిమీద ఇంట్లో జరిగిన గొడవ వేరే కథ.

ఏసీ గదిలో చల్లబడిన అద్దాల మీద ముఖపు వేడికి ఆవిరి కమ్ముతుంది, ఐదు నిమిషాలు ముందుగా ఆన్ చేసి ఉంచితే పోతుంది. అద్దాలను పొడిగా ఉన్న మైక్రోఫైబర్ గుడ్డతో తప్ప తుడవకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎండ అద్దాల మీద పడనివ్వకూడదు. 2023 ఏప్రిల్‌లో బాల్కనీ తలుపు పక్కనున్న అలమరలో అద్దాలు బయటకు తిరిగి ఉండగా వదిలేశాను. ఉదయపు ఎండను ఆ అద్దాలు భూతద్దంలా లోపలి తెర మీదకు కేంద్రీకరించి, కుడి కంటి అంచున పసుపు మచ్చ వేశాయి. అది ఇప్పటికీ ఉంది, దాని పక్కనుంచే ఆడుతున్నాము.

2023లో వచ్చిన క్వెస్ట్ 3ని స్నేహితుడి ఇంట్లో వాడి చూశాను. దాని అద్దాల్లో అంచుల దాకా స్పష్టత ఉంది, కంటిదూరం చక్రం తిప్పి సరిచేసుకోవచ్చు, బయటి గది రంగుల్లో కనిపిస్తుంది. తరచుగా ఆడేవారికి ఆ తేడా డబ్బుకు తగినదే. నెలకు రెండుసార్లు చుట్టాల చేత ఆడించే మాలాంటివారికి పాతదే సరిపోతోంది. క్వెస్ట్ 2 ఇప్పుడు కొత్తగా అమ్మకంలో లేదు కనుక దొరికేది వాడినదే. కొనేముందు తెల్లటి తెర వచ్చేలా ఏదైనా పేజీ తెరిచి, ఒక్కో కన్ను మూసి నాలుగు మూలలూ చూడండి. నా దానిలో ఉన్నటువంటి పసుపు మచ్చ కనిపిస్తే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.