వకాల్తా ఫారం: కర్నూలు కోర్టు దగ్గర దొరికే తెలుగు అచ్చు కొనొచ్చా?

"వాడి తరఫున నువ్వెందుకు వకాల్తా పుచ్చుకుంటావ్?" అని ఇంటి తగాదాల్లోనూ అంటాం. మాట పుట్టిల్లు అరబ్బీ. మన పనిని మన తరఫున చేసిపెట్టే మనిషి వకీల్, ఆ అప్పగింత వకాలత్. పారసీ 'నామా', అంటే పత్రం, తోడై వకాలత్‌నామా అయింది; కోర్టులో మన కేసు నడపమని అడ్వకేటుకు రాసిచ్చే ఈ కాగితాన్నే వకాల్తా అంటాం. చట్టం చదివినవాడన్న అర్థం మొదట్లో లేదు. అక్బరు చిన్నతనంలో రాజ్యం నడిపిన బైరాంఖాన్ హోదా కూడా వకీలే. 1961 అడ్వకేట్ల చట్టంతో వకీలు, ప్లీడరు, ముక్తారు తరగతులు పోయి అడ్వకేటు ఒక్కటే మిగిలింది. కాగితం పేరు మాత్రం మారలేదు.

కాబట్టి ఈ ఫారాన్ని చూడాల్సింది ఒకే లెక్కన: ఏం అప్పగిస్తున్నామో సంతకం పెట్టేవాడికి తెలుస్తోందా?

ఈ తెలుగు అచ్చు అక్కడ గెలిచింది. దావా నడపడం, అప్పీలు వేయడం, రాజీ పడడం, కోర్టులో జమ అయిన సొమ్ము తీసుకోవడం వేర్వేరు వరుసల్లో ఉన్నాయి. చాలా ఫారాల్లో ఇవన్నీ ఒకే పేరాలో ఇరుక్కుని ఉంటాయి. చివరి రెండూ జాగ్రత్తగా చదవాలి. యాక్సిడెంటు కేసులో, భూసేకరణ కేసులో వచ్చే పరిహారాన్ని మన తరఫున తీసుకునే అధికారం ఆ సొమ్ము వరుసలోనే ఉంటుంది. వద్దనుకుంటే సంతకానికి ముందే కొట్టేసి, కొట్టివేత పక్కన చిన్న సంతకం పెట్టాలి.

లోపం వేలిముద్ర దగ్గర. చదువురానివాళ్లు ముద్ర వేసినప్పుడు, ఫారం మొత్తం వాళ్లకు తెలిసిన భాషలో చదివి వినిపించామని, అర్థమైందని ఎదుట ఉన్నవాళ్లు ధ్రువీకరించాలి. ఆ వాక్యం ఉంది గానీ కింద వదిలిన జాగా వేలెడు కూడా లేదు. ముద్ర అక్షరాల మీద పడి గీతలు చెదురుతాయి. పైగా కాగితం పలచన, సిరా వెనక డాకెట్ (కేసు వివరాలు రాసే వెనక పుట) మీదికి దిగుతుంది. వేలిని ప్యాడ్ మీద ఒకసారే అద్ది, ముద్ర పక్కన అది ఎవరిదో వాళ్ల పేరు రాయించండి.

ఖాళీలు వదిలి సంతకం అసలు పెట్టొద్దు. కోర్టు పేరు, దావా నంబరు, పార్టీల పేర్లు, వకీలు పేరు ముందు నిండాలి. నంబరు ఇంకా పడని కొత్త దావా అయితే ఆ ఒక్కటే ఖాళీ. అడ్వకేటు 'అంగీకరించాను' అని సంతకం చేసి, వెల్ఫేర్ స్టాంపు (అడ్వకేట్ల సంక్షేమ నిధి స్టాంపు) అంటించాకే గుమాస్తా దాఖలు చేయాలి. ఏది తగ్గినా ఆబ్జెక్షన్‌తో వెనక్కి వస్తుంది.

ఇది ఒక్క వాయిదాకు ఇచ్చే కాగితం కాదు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3 రూల్ 4 ప్రకారం కోర్టు అనుమతితో రాతపూర్వకంగా రద్దు చేసేదాకా, లేదా కక్షిదారో వకీలో చనిపోయేదాకా, లేదా ఆ కక్షిదారు వరకు వ్యవహారం ముగిసేదాకా అమల్లో ఉంటుంది. వకీలును మార్చాలనుకుంటే పాతవారి నో అబ్జెక్షన్ సంతకం కొత్త వకాల్తా మీదే తీసుకుంటారు. ఈ అచ్చులో దానికి గడి లేదు. మార్జిన్ బాగానే వదిలారు గనక అక్కడ రాయించుకోవచ్చు.