నారు కిట్: మ్యాట్ బంగారం, లైటు దండగ

ఇంట్లో నారు పోసుకోవడానికి అన్నీ ఒకే పెట్టెలో వచ్చే కిట్ ఒకటి కొన్నాను. 40 గుంతల ట్రే, దాని కింద నీళ్లు పట్టే పళ్లెం, పైన ప్లాస్టిక్ మూత, అడుగున పరిచి కరెంటుతో మట్టిని వెచ్చబెట్టే హీట్ మ్యాట్, క్లిప్పుతో తగిలించే చిన్న ఎల్ఈడీ లైటు, ఓ సంచీడు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) బిళ్ళలు. రెండు నెలలు వాడాకే రాస్తున్నా, పెట్టె విప్పిన రోజే ఐదు నక్షత్రాలు ఇచ్చేసే బాపతు కాదు నేను.

పెట్టిన డబ్బు గిట్టిందంటే అది మ్యాట్ వల్లే. మిరప విత్తనాలతో నాకెప్పుడూ తలనొప్పే, చల్లటి గదిలో పోస్తే మూడు వారాలైనా ఉలుకూ పలుకూ ఉండదు, తవ్వి చూద్దామా వద్దా అని రోజూ అదే టెన్షన్. మిరపకి మట్టి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి, గదిలో గాలి కాదు, మట్టి. అందుకే ఒకే ప్యాకెట్‌లోవి సగం మ్యాట్ మీద, సగం పక్క అరలో పోసి చూశా. మ్యాట్ మీదవి తొమ్మిదో రోజుకి మెడ వంచుకుని పైకొచ్చాయి, అరలోవి ఇరవయ్యో రోజున ఒక్కొక్కటిగా లేచాయి. టమాటాలైతే ఐదో రోజుకే.

కానీ దీనికి థర్మోస్టాట్, అంటే వేడి చాలినప్పుడు దానంతటదే ఆపేసే మీట, లేదు. గది వేడి ఎంత ఉంటే దానికి కొన్ని డిగ్రీలు కలిపి వేడెక్కిస్తూ పోతుంది, ఆగడం దానికి తెలియదు. గది బాగా వేడెక్కిన రోజు థర్మామీటర్ గుచ్చి చూస్తే 36! కంగారుపడి ట్రేకీ మ్యాట్‌కీ మధ్య రెండు సన్నటి చెక్క ముక్కలు పెట్టాను, అప్పుడు దిగింది. థర్మామీటర్ లేకుండా ఈ మ్యాట్ వాడొద్దు. సలాడ్ ఆకుకూర లెట్యూస్‌ని అసలు దీని మీద పెట్టొద్దు, అంత వేడికి ఆ విత్తనం మొలవదు, నిద్రపోతుంది. దానికి వెలుతురు కూడా తగలాలి, అందుకని పైన చల్లి వదిలేయడమే. కిట్‌తో వచ్చిన కాగితంలో మాత్రం అన్ని విత్తనాలకీ ఒకే లోతు రాసి పారేశారు.

ఆ కాగితమే నా తులసి జాతి మొక్కల్ని చంపింది. ఇటాలియన్ బేసిల్ పదకొండు మొలిచాయి, మొక్కలు మూతకి తగిలేదాకా మూత తీయొద్దని రాసుంటే అలాగే ఉంచా. రాత్రి నిటారుగా ఉన్నవి తెల్లారేసరికి పడుకుని ఉన్నాయి. వంగి చూస్తే ఆకులు పచ్చగానే ఉన్నాయి, కాండం మాత్రం సరిగ్గా మట్టిని తాకే చోట నీళ్లలో నానిన దారంలా నల్లగా సన్నబడిపోయింది. నారుకుళ్ళు తెగులు. తడి, గాలాడని వేడి దొరికితే మట్టిలో ఉండే శిలీంధ్రాలకి పండగే, ఒకసారి పడ్డ మొక్క మళ్ళీ లేవదు. మొలక కనిపించగానే మూత తీసేయాలి, ముందు గాలి రంధ్రాలు తెరిచి, మర్నాటికి పూర్తిగా. నీళ్లు కూడా పైనుంచి చల్లకుండా కింద పళ్లెంలో పోసి, ఇరవై నిమిషాలు పీల్చుకోనిచ్చి మిగిలింది పారబోస్తే మట్టి పైభాగం పొడిగా ఉంటుంది. రెండోసారి పోసినప్పుడు ఇలాగే చేశా, ఒక్కటీ పోలేదు.

లైటు గురించి ఎక్కువ చెప్పను, చెప్పేంత లేదు. మధ్యలో ఎనిమిది గుంతలకి సరిపోతుంది, అంచుల్లో ఉన్నవన్నీ దానివైపు మెడలు చాచి తీగల్లా సాగిపోయాయి. చివరికి దాన్ని తీసేసి రెండు మామూలు తెల్ల ఎల్ఈడీ ట్యూబులు మొక్కలకి పది సెంటీమీటర్ల ఎత్తులో కట్టి, టైమర్‌తో రోజుకి 16 గంటలు వెలిగిస్తున్నా. అటు వెళ్ళినప్పుడల్లా నారు తలల మీద అరచేత్తో నిమురుతుంటా కూడా, ఇంట్లోవాళ్ళు నవ్వుతారుగానీ గాలికి ఊగినట్టు అలా కదిలితే కాండం పొట్టిగా, గట్టిగా తయారవుతుంది.

కోకోపీట్ బిళ్ళలు గోరువెచ్చని నీళ్లు పోయగానే కళ్ళముందే పొంగుతాయి, చూడ్డానికి సరదా. చుట్టూ ఉన్న సన్నటి వల మాత్రం కుళ్ళిపోతుందని నమ్మకండి. పెద్ద కుండీలోకి మార్చిన ఒక టమాటా ఎదగడం లేదని పీకి చూస్తే, వేళ్లు ఆ వల లోపలే గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. అప్పట్నుంచీ నాటే ముందు కత్తెరతో వలని నిలువునా కోసి తీసేస్తున్నా.

మూత పారేయబోతుంటే దానికో మంచి పని దొరికింది. రంగురంగుల ఆకుల కోలియస్ మొక్క కొమ్మలు కణుపు కింద కోసి, అడుగు ఆకులు గిల్లేసి, తడి కోకోపీట్‌లో గుచ్చి మూత పెట్టా. వేళ్లు లేని కొమ్మ సరిపడా నీళ్లు పీల్చుకోలేదు కాబట్టి దానికి ఈ తేమ కావాలి. అడుగున మ్యాట్, పైన మూత, పదో రోజున మెల్లగా లాగి చూస్తే కొమ్మ రాలేదు, మట్టిని పట్టుకుని ఉంది. మ్యాటూ ట్రే విడిగా దొరికితే అవి కొనుక్కోండి. ఆ లైటు ఇప్పుడు నా పుస్తకాల టేబుల్ మీద ఉంది, చదువుకోవడానికి బాగానే పనికొస్తోంది.