పొగతోటలో పాలిప్ ఆపరేషన్: తీయడం బాగుంది, ముక్క పరీక్ష దగ్గరే తంటా

నెల్లూరు పొగతోటలో ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్లు గర్భసంచి పాలిప్‌లకు (లోపలి పొర మీద పెరిగే కండ మొలకలకు) డే కేర్ సేవ నడుపుతున్నారు. పొద్దున పరగడుపున చేరితే సాయంత్రానికి పంపించేస్తారు. కావలి, గూడూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇది పెద్ద వెసులుబాటే. మొదటిసారి పాలిప్ వచ్చినవాళ్లు నిశ్చింతగా వెళ్లొచ్చు. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు మాత్రం కొన్ని విషయాలు ముందే అడిగి తేల్చుకోవాలి.

ముందు మంచి చెప్పుకుందాం. ఇక్కడ గుడ్డిగా డీ అండ్ సీ (గర్భసంచి లోపల గీకి శుభ్రం చెయ్యడం) చెయ్యరు. గర్భసంచి లోపలికి పంపే సన్నటి కెమెరా గొట్టం, అంటే హిస్టెరోస్కోప్‌తో కళ్లారా చూస్తూ తీస్తారు. సన్నటి కాడ ఉన్న పాలిప్ గీకే పరికరానికి దొరక్కుండా పక్కకు జారుకుంటుంది, లేదా పైముక్క వచ్చి మొదలు లోపలే ఉండిపోతుంది. 'క్లీన్ చేయించినా మళ్లీ వచ్చిందమ్మా' అనేవాళ్లలో కొందరికి అది మళ్లీ వచ్చింది కాదు, అసలు పోనిదే. ఇక్కడ బైపోలార్ లూప్‌తో (కరెంటుతో కోసే తీగ వలయం) మొదలంటా కోస్తారు. కోశాక, గర్భసంచి విప్పారడానికి లోపలికి ఎక్కించిన సెలైన్ ప్రెషర్ కాస్త తగ్గించి మళ్లీ చూస్తారు. ప్రెషర్‌కు గోడకు అణిగిపోయిన చిన్న పాలిప్‌లు అప్పుడు పైకి లేచి కనబడతాయి. ఈ ఒక్క పనికే మంచి మార్కులు వెయ్యాలి. ఎంత సెలైన్ లోపలికి పోయింది, ఎంత తిరిగొచ్చింది అని సిస్టర్ పక్కనే రాసుకుంటూ ఉంటుంది. ఆరోగ్యవంతులకు తేడా 2.5 లీటర్లకు చేరితే ఆపెయ్యాలి. పాత మోనోపోలార్ మెషీన్లలో సెలైన్ బదులు వాడే గ్లైసిన్ ద్రవం అయితే 1 లీటరుకే ఆపాలి, లేకపోతే రక్తంలో సోడియం పడిపోతుంది.

స్కాన్ విషయంలో రిసెప్షన్‌వాళ్లు 'ఎప్పుడైనా రండి' అంటారు, వినొద్దు. నెలసరి మొదలైన 5వ రోజు నుంచి 10వ రోజు లోపు వెళ్లాలి. ఆ తర్వాత పొర మందమై పాలిప్‌ను కప్పేస్తుంది, లేదా పొరే పాలిప్‌లా కనబడుతుంది.

అసలు తంటా ముక్క పరీక్ష (తీసిన కండను ల్యాబ్‌లో చూసే బయాప్సీ) దగ్గర. అది ప్యాకేజీలో లేదు. సీసా చేతికిచ్చి ల్యాబ్‌లో ఇచ్చి రమ్మంటారు. ఆ సీసాలో 10 శాతం ఫార్మలిన్ ఉందో లేదో అక్కడే అడగండి. ఉత్త సెలైన్‌లో గంటల తరబడి ఉంటే కణజాలం పాడైపోయి రిపోర్టు తేలదు. పాలిప్, చుట్టుపక్కల పొర రెండూ ఒకే సీసాలో వేసేస్తున్నారు. తిరగబెట్టిన కేసుల్లో వేరువేరుగా పంపడం మేలు. పొరలో హైపర్‌ప్లేసియా (కణాలు అతిగా పెరగడం) ఉందా, తేడా కణాలున్నాయా అన్నదాన్ని బట్టే తర్వాతి వైద్యం మారుతుంది.

ఆ తర్వాతి వైద్యమే ఇక్కడ బలహీనం. రిపోర్టు ఏదైనా అందరికీ ఒకే చీటీ, 3 నెలలు ప్రొజెస్టిన్ హార్మోన్ మాత్రలు. ఇప్పట్లో పిల్లలు వద్దనుకునేవాళ్లు తిరగబెట్టకుండా 52 మిల్లీగ్రాముల లెవోనార్‌జెస్ట్రెల్ లూప్ (గర్భసంచిలో ఉంచే హార్మోన్ పరికరం) గురించి అడగొచ్చు. ఆపరేషన్ మత్తులోనే వేయించుకుంటే రెండో నొప్పి ఉండదు. మొదటి 3 నుంచి 6 నెలలు చుక్కలు చుక్కలుగా కనబడుతుంది, దానికి భయపడి తీయించేస్తే వేయించిన ప్రయోజనం పోతుంది. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడుతున్నవాళ్లు ఆ సంగతి మొదటే చెప్పాలి. పాలిప్‌లకు అదీ ఒక కారణం. అలాగని సొంతంగా మాత్ర మానెయ్యకూడదు, క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడాలి.

రెండోసారి రాగానే 'గర్భసంచి తీసేస్తే పీడా పోతుంది' అనే మాట ఇక్కడా వినిపిస్తుంది. రిపోర్టు మామూలుగా ఉన్నప్పుడు అది తొందరపాటు. ఇప్పటికే ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరుగుతున్న రాష్ట్రాల్లో మనదొకటి. నెలసరి ఇంకా వస్తున్నవాళ్లలో, ఏ ఇబ్బందీ పెట్టని సెంటీమీటరు లోపు పాలిప్ కొన్నిసార్లు దానంతటదే పోతుంది కూడా. ముట్లుడిగాక రక్తం కనబడితే మాత్రం ఒక్క చుక్కైనా ఆగకూడదు, ఆ వారమే చూపించుకుని ముక్క పరీక్ష చేయించుకోవాలి.