పాటల లొల్లి కెఫే రివ్యూ: నాటు నాటుకి ఆస్కార్ కరెక్టేనా, జొన్నరొట్టె ఎలా ఉంది

ముందే చెప్పేస్తున్నా, కడుపు నిండా తిందామని వెళ్తే మాత్రం డిసప్పాయింట్ అవుతారు. కూకట్‌పల్లి సైడు మెట్రోకి దగ్గర్లో ఒక సందులో ఫస్ట్ ఫ్లోర్‌లో ఉంటది ఈ కెఫే. పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద కంప్లయింట్లు కూడా ఉన్నాయి, ఓనరన్న మంచోడు, పేరు పెట్టి రచ్చ చేయడం నాకిష్టం లేదు, ఆ ఏరియా వాళ్ళకి ఈపాటికే అర్థమైపోయుంటది.

ఇక్కడ స్పెషల్ ఏంటంటే శనివారం సాయంత్రం పాటల లొల్లి పెడతారు. ఒక అవార్డు, ఒక సంవత్సరం తీసుకుంటారు, ఆ ఏడాది పోటీలో ఉన్న పాటలన్నీ పెద్ద స్క్రీన్ మీద వేస్తారు, జనం కొట్టుకుంటారు (నోటితోనే లెండి), చివర్లో చీటీల మీద ఓట్లు. మేం వెళ్ళిన రోజు టాపిక్ 2023 ఆస్కార్, బెస్ట్ ఒరిజినల్ సాంగ్, మన ఆర్ఆర్ఆర్ సినిమాలో నాటు నాటు గెలిచింది అందులోనే. తెలుగోళ్ళని కూర్చోబెట్టి నాటు నాటు గురించి అడిగితే ఇంక లొల్లేముంటది, అందరూ ఒకటే వైపు కదా అంటారేమో, ఆగండి చెప్తా.

ఎంట్రీ 200, అందులో 150 తిండికి అడ్జస్ట్ చేస్తారు, సో డబ్బులు పోయినట్టేం అనిపించదు. ముప్ఫై నలభై మంది పట్టే హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడల నిండా పాత పాటల పుస్తకాల అట్టలు. ఏసీ ఉంది గానీ మనుషులు అరుస్తుంటే ఏసీ ఏం చేస్తది పాపం. అసలు సంగతి స్పీకర్లు. రెండు నిలువు స్పీకర్లు, మూలన ఒక సబ్‌వూఫర్, ఎవరో తెలిసినోళ్ళే సెట్ చేశారు, బాస్ గుండె మీద తగుల్తది గానీ మాట మింగేయదు. ఈ ధరకి ఈ సౌండ్ సిటీలో నేను ఇంకెక్కడా వినలేదు.

రూల్స్ ముందే చదివి వినిపిస్తారు, అవి ఆస్కార్ రూల్సే. పాట ఆ సినిమా కోసమే రాసుండాలి, మాట ట్యూన్ రెండూ స్పష్టంగా వినపడాలి, సినిమా మధ్యలో రావాలి లేదంటే చివర టైటిల్స్ మొదలయ్యేప్పుడు వచ్చే మొదటి పాట అయ్యుండాలి. అవార్డు ట్యూన్ కట్టినోళ్ళకీ, రాసినోళ్ళకీ మాత్రమే. పాడినోళ్ళకి లేదు, డాన్స్ కట్టినోళ్ళకి లేదు. ఈ లాస్ట్ లైన్ చదవగానే హాల్లో ఫస్ట్ లొల్లి స్టార్ట్. మా పక్క టేబుల్ కుర్రాడు లేచి "అన్నా, ప్రేమ్ రక్షిత్ మాస్టర్ స్టెప్పు లేకుండా నాటు నాటు ఏముందన్నా, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ గొంతులు తీసేస్తే ఏముందన్నా" అన్నాడు, దానికి వెనకాల కూర్చున్న ఒక పెద్దాయన "తమ్ముడూ, ముందు దరువు ఉంటేనే కదా కాలు లేచేది" అని ఒక్క మాట. హాలంతా విజిల్స్. నేనైతే పెద్దాయన పార్టీయే. ఆ 6/8 తాళంలోనే కాలు దబదబలాడేది ఉంది, మాస్టర్ దాన్ని కళ్ళకి కనపడేలా చేశాడు, అది చిన్న పనేం కాదు, కానీ గింజ మాత్రం ట్యూన్ కట్టిన కీరవాణిదే.

తర్వాత అయిదు పాటలూ వరసగా వేశారు. టాప్ గన్ మావరిక్ నుంచి లేడీ గాగా పాట, బ్లాక్ పాంథర్ రెండో సినిమా నుంచి రిహానా పాట, ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్ సినిమా పాట, టెల్ ఇట్ లైక్ ఎ ఉమన్ అనే సినిమా నుంచి డయాన్ వారెన్ రాసిన పాట, లాస్ట్‌లో మనది. రిహానా పాట నిజంగా బాగుంటది, మొదటి బ్లాక్ పాంథర్ హీరో చాడ్విక్ బోస్‌మన్ పోయిన బాధలో పుట్టిన పాట అది, ఆ స్పీకర్ల మీద ఆమె గొంతులో ఊపిరి కూడా వినిపించింది. ఒక బీటెక్ అమ్మాయి రిహానా తరఫున భలే మాట్లాడింది, ఏడుపు పాటకి ఓటేస్తే తెలుగు ద్రోహి అంటారని భయపడకండి అంది, నాకు నచ్చింది. డయాన్ వారెన్‌కి సానుభూతి ఓట్లు కూడా పడ్డాయి, పాపం అది ఆమెకి 14వ నామినేషన్, ఒక్కసారీ పోటీలో గెలవలేదు, ముందు ఏడాది నవంబర్‌లో గౌరవ ఆస్కార్ మాత్రం ఇచ్చారు. కానీ అయిదూ పక్కపక్కన, సినిమా బొమ్మతో సహా చూస్తే తేడా వెంటనే తెలిసిపోతది. కథలో ఉన్న మనుషులు కథ మధ్యలో నిలబడి పాడి ఆడిన పాట నాటు నాటు ఒక్కటే. పార్టీలో తెల్లోడు హీరో భీమ్‌ని డాన్స్ రాదని అవమానించడం, అతని ఫ్రెండ్ రామ్ డ్రమ్ము అందుకోవడం, చివర్లో ఫ్రెండ్ గెలవాలని రామ్ కావాలనే పడిపోవడం, ఇంత కథ ఆ పాటలో ఉంది. ఆ సీను తీసేస్తే ఫ్రెండ్‌షిప్ సగం పోతది. మిగతా పాటల్ని సినిమా నుంచి తీసి పక్కన పెట్టినా సినిమాకి పెద్దగా ఏం కాదు. కాబట్టి ఆ నలుగురి మీద మనోళ్ళు గెలవడంలో నాకు ఒక్క శాతం కూడా డౌట్ లేదు. తెలుగోడు కాబట్టి అంటున్నాడు అనుకునేవాళ్ళు ఆ అయిదూ ఒకసారి ఇలా వరసపెట్టి చూడండి.

ఈ రౌండ్‌లో తిన్నది జొన్నరొట్టె, మిరప తొక్కు. నాటు నాటు రాసిన చంద్రబోస్ ఆ పాటలో పోతురాజుతో పాటు ఇది కూడా పెట్టారు కదా, అందుకని ఆ రోజుకి స్పెషల్ అంట, 90 రూపాయలు. తొక్కు సూపర్, పచ్చిమిర్చి కారం చెవుల్లోంచి పొగలొచ్చేలా ఉంది, వెల్లుల్లి బాగా పడింది. రొట్టె మాత్రం ఎప్పుడో చేసి పెట్టినట్టున్నారు, అట్ట ముక్క. జొన్నరొట్టె పెనం మీంచి నేరుగా కంచంలోకి రావాలి, అది కుదరకపోతే మెనూలో పెట్టకూడదు. మిర్చి బజ్జీకి నూనె కారుతోంది, పిండి లోపల ఉడకలేదు. చాయ్ మాత్రం పేరు పెట్టడానికి లేదు, చిక్కగా, షుగర్ తక్కువగా, 30కి పెద్ద గ్లాసు.

ఇంటర్వెల్ తర్వాత అసలు ఫైట్. గాగా గీగా అందరూ పక్కకి పోయారు, ఇప్పుడు ప్రశ్న ఏంటంటే అదే ఆర్ఆర్ఆర్ నుంచి నాటు నాటు కాకుండా కొమురం భీముడో వెళ్ళుంటే? ఇదీ తెలుగు ఫ్యాన్స్ అసలు లొల్లి, బయటోళ్ళకి దీని గురించి తెలీదు. కొమురం భీముడో కూడా కథని మోసే పాటే, ఇంకా ఎక్కువ మోస్తది. భీమ్‌ని కొరడాతో కొడుతున్నారు, మోకాళ్ళ మీద కూర్చోమంటే కూర్చోడు, పాడుతూనే ఉంటాడు, ఆ పాట విని చుట్టూ ఉన్న జనం తిరగబడతారు, పోలీసుగా కొరడా పట్టి కొట్టే రామే మారిపోతాడు, తుపాకులే ఆయుధం అనుకున్నోడికి పాట కూడా ఆయుధమే అని అప్పుడే తెలుస్తది. సుద్దాల అశోక్ తేజ రాశారు, ఠాగూర్ సినిమాలో పాటకి నేషనల్ అవార్డు తెచ్చుకున్న చెయ్యి అది. మాటలు ఒక్కొక్కటీ మట్టిలోంచి పీకినట్టు ఉంటాయి. హాల్లో లైట్లు ఆపేసి ఆ పాట వేశారు, అంతసేపు అరిచిన జనం చప్పుడు లేదు, కాలభైరవ గొంతు ఒక్కటే, అప్పుడు కరెక్ట్‌గా వంటింట్లోంచి మిక్సీ సౌండ్. అది కూడా పాట మొత్తంలో సైలెంట్‌గా ఉండే చోట. వెనకాల ఎవరో "అరే ఆపండ్రా బాబూ" అని అరిచారు, ఓనరన్న పరిగెత్తాడు. అంత పెద్ద స్పీకర్లు పెట్టుకుని వంటింటికి తలుపు పెట్టించకపోవడం ఏం లెక్కో నాకర్థం కాలేదు.

నా ఓటు మాత్రం, సినిమాలో బెస్ట్ పాట అంటే కొమురం భీముడో. కానీ ఆస్కార్ ఓటరు దగ్గరికి దాన్ని పంపితే పని అవ్వదు, ఎందుకో చెప్తా. ఆ పాట మనల్ని పట్టుకునేది సగం ఆ పేరు వల్ల, నిజాం మీద తిరగబడ్డ గోండు వీరుడు కొమురం భీమ్ పేరు అది. ఆయన పోరాడిన జోడేఘాట్ తెలియాలి, జల్ జంగల్ జమీన్ (నీళ్ళు, అడవి, భూమి) అన్న నినాదం తెలియాలి, 1940లో భీమ్ ఎలా పోయాడో తెలియాలి, అప్పుడు ఒక్కో మాటా లోపల దిగుతది. లాస్ ఏంజెలిస్‌లో కూర్చున్న మెంబర్‌కి సబ్‌టైటిల్ మీద అదంతా ఎక్కదు, కొరడా దెబ్బలు కనపడతాయి, అంతే. నాటు నాటుకి ఆ అడ్డం లేదు. మాటలు మిస్ అయినా ట్యూన్ లాక్కెళ్ళిపోతది. దీని మీద ఒకాయన "అంటే అర్థం కాని పాటకే అవార్డు ఇచ్చారంటారా" అని నన్నే పట్టుకున్నాడు. నేననేది అది కాదు సార్, ఆ పాటలో చంద్రబోస్ పెట్టినవన్నీ ఊరి సౌండ్లు, గిత్త, చెప్పులు, కర్రసాము, అర్థం కాకపోయినా ఆ మాటల టకటక వినిపిస్తది, అది కూడా రైటింగే. 90 శాతం ఒక పూటలో రాసి మిగతా 10 శాతానికి 19 నెలలు పట్టిందని ఆయనే చెప్పుకున్నారు, ఊరికే రాలేదు ఆ టకటక.

ఇక్కడ ఒక కుర్రాడు ఫోన్ తీసి 2021 సినిమాల నేషనల్ అవార్డుల లిస్టు చదివాడు చూడండి, బాంబు పేలినట్టే. ప్రపంచమంతా మెచ్చిన పాట కదా, మన దగ్గర పాటల మ్యూజిక్ అవార్డు పుష్పకి దేవిశ్రీ ప్రసాద్‌కి (డీఎస్పీ) వెళ్ళింది. కీరవాణికి ఇచ్చింది ఆర్ఆర్ఆర్ బ్యాక్‌గ్రౌండ్ స్కోరుకి. చంద్రబోస్‌కి ఇచ్చారు గానీ నాటు నాటుకి కాదు, కొండపొలం పాటకి. సింగర్ అవార్డు కాలభైరవకి, అది కూడా కొమురం భీముడోకి! నాటు నాటు బ్యాచ్‌కి మిగిలింది ప్రేమ్ రక్షిత్ కొరియోగ్రఫీ అవార్డు. అంటే ఆస్కార్ రూల్ లెక్కలోకి తీసుకోని డాన్స్‌కే మనోళ్ళు ఇచ్చారు, ఆస్కార్ ఇచ్చిన ట్యూన్‌కి, మాటకి ఇవ్వలేదు. ఇది విన్నాక డీఎస్పీ ఫ్యాన్స్, కీరవాణి ఫ్యాన్స్ మొదలుపెట్టిన గోల ఇంతా అంతా కాదు, ఓనరన్న మైకు లాక్కోవాల్సొచ్చింది. రాహుల్‌కి ఏం రాలేదని పాతబస్తీ నుంచి వచ్చిన గ్యాంగ్ ఒకటి ఫీలైంది, 2025లో తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ఇచ్చింది కదన్నా అని ఎవరో అంటే కొంచెం చల్లబడ్డారు.

రెహమాన్ ఫ్యాన్స్ కూడా వచ్చారు, వాళ్ళు లేకుండా ఏ లొల్లీ ఉండదు. 2009లో జయహో ఆస్కార్ కొట్టినప్పుడు నామినేషన్లు మూడే, అందులో రెండు రెహమాన్‌వే, అయినా ఆయన బెస్ట్ పాట అదేనా అంటే ఫ్యాన్సే ఒప్పుకోరు. కీరవాణి విషయమూ సేమ్. ఆయన ట్యూన్ కట్టి, ఆయనే పాడిన మాతృదేవోభవ పాటకి వేటూరికి నేషనల్ అవార్డు వచ్చింది, అన్నమయ్యకి ఆయనకే వచ్చింది, వీటి పక్కన నాటు నాటు ఏ స్థానంలో ఉంటదని ఆ పెద్దాయన అడిగితే ఎవరి దగ్గరా సమాధానం లేదు. చంద్రబోస్ వైపు నుంచి చూస్తే మౌనంగానే ఎదగమనే పాట ఉండనే ఉంది, అది కూడా కీరవాణి ట్యూనే. అవార్డు ఆ ఏడాది ఆ లిస్టులో ఏది బెటరో చెప్తది, మనిషి మొత్తం లైఫ్‌లో ఏది బెస్టో దానికేం సంబంధం, ఇది అర్థం చేసుకుంటే సగం గొడవలు ఉండవు, అప్పుడు కెఫే మూసుకోవాలి అనుకోండి.

ఓట్లు లెక్కపెడితే అయిదు పాటల్లో నాటు నాటు ఈజీగా గెలిచింది, రిహానా సెకండ్. రెండో చీటీలో మాత్రం కొమురం భీముడో ముందుకొచ్చింది, తేడా చాలా తక్కువ. లెక్క అందరి ముందే చేశారు, చీటీలు చూపించారు, అది బాగుంది. గెలిచిన పాట తరఫున బాగా మాట్లాడిన వాళ్ళకి ఒక చాయ్ ఫ్రీ, పెద్దాయనకే ఇచ్చారు, అందరూ చప్పట్లు.

సర్వీస్ గురించి రెండు ముక్కలు. లొల్లి మొదలయ్యాక వెయిటర్లు కూడా లొల్లిలో పడతారు, ఆర్డర్ ఏమైందో అడిగితే "అన్నా ఈ పాట అయిపోనీ" అన్నాడు ఒకడు, నవ్వొచ్చింది గానీ ఆకలి మీద ఉన్నోడికి నవ్వు రాదు. సో తినే వెళ్ళండి, అక్కడ చాయ్, తొక్కు చాలు. బిల్లు క్లియర్, సర్వీస్ ఛార్జ్ అని ఎక్స్‌ట్రా వేయలేదు. ఆడపిల్లలు గ్యాంగ్‌గా వచ్చారు, ఎవరూ తేడాగా ప్రవర్తించలేదు, బూతు వస్తే మైకు కట్. పిల్లలతో అయితే వద్దు, సౌండ్ ఎక్కువ, రాత్రి పదిన్నర దాటుద్ది.

సౌండ్‌కి 5కి 4.5, చాయ్‌కి 4, జొన్నరొట్టెకి 2, బజ్జీకి 1, లొల్లికి ఫుల్ మార్కులు. కారు పార్కింగ్ లేదు, బైక్ అయినా సందు మొదట్లోనే పెట్టేయండి, లోపల పెడితే షో వదిలాక గంట పడుతుంది బయటికి రావడానికి. ముందు వరస కుర్చీలు కావాలంటే ఆరున్నరకే వెళ్ళాలి, సబ్‌వూఫర్ పక్క మూల మాత్రం వద్దు, అక్కడ కూర్చున్న మా ఫ్రెండ్‌కి నాటు నాటు అయ్యాక కాసేపు ఏం వినపడలేదు.