లైనక్స్‌లో ఆర్‌ఎక్స్ 6600: డ్రైవర్ గోల లేదు

నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్న ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు ఏడాదిగా ఉబుంటు 24.04 లైనక్స్‌లో వాడుతున్నా. ఇంతకుముందున్న కార్డుతో (కంపెనీ పేరెందుకులే) కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) అప్‌డేట్ వచ్చినప్పుడల్లా టెన్షనే, డ్రైవర్ మాడ్యూల్ బిల్డ్ కాక స్క్రీన్ నల్లగా ఉండిపోతే, సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే రక్షణ) ఆపేసి, రాత్రి రెండింటి దాకా టెర్మినల్ ముందు కూర్చున్న రోజులున్నాయి. దీనికి డ్రైవర్ వెతికి వేసే పనే లేదు. ఏఎండీజీపీయూ అనే దీని డ్రైవర్ 2015 నుంచి కెర్నల్‌లోనే ఉంది, గేములు, 3డీ గ్రాఫిక్స్ వాడుకునే ఓపెన్‌జీఎల్, వల్కన్ సంగతి మెసా అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. పెట్టా, ఆన్ చేశా, అంతే.

4కే 120 హెర్ట్జ్ మానిటరైతే మాత్రం డిస్‌ప్లేపోర్ట్ కేబులే కొనండి, ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో అంత వేగానికి కావాల్సిన హెచ్‌డీఎంఐ 2.1 పెట్టడానికి 2024లో ఆ ప్రమాణాలు చూసే హెచ్‌డీఎంఐ ఫోరం ఒప్పుకోలేదు.

షాపాయన మటుకు "లైనక్సా? నేను గ్యారంటీ ఇవ్వలేనబ్బా" అన్నాడు.